‘ఖాళీగా’ ఉన్న అమ్మాయిలు

హోటల్ గదిలో హానా నిద్ర లేచేసరికి అమ్మా నాన్నా వెళ్లిపోయి ఉంటారు. ఇకమీదట నీకు డబ్బు పంపేది లేదని అంతకుముందే తేల్చి చెప్పేశారు. అయినా కన్నవాళ్లు కదా, కూతురి కోసం కొంత డబ్బు పెట్టి వెళ్లారు. దాని పక్కనే, గది శుభ్రం చేసే మనిషి కోసం ఇంకొంత. హానా రెండూ తీసుకుని న్యూయార్క్ వీధుల్లోకి నడిచి వెళ్లిపోతుంది. ‘గర్ల్స్’ మొదటి ఎపిసోడ్ అలా ముగుస్తుంది.

2013లో మొదటిసారి చూసినప్పుడు ఆ చోట నేను పగలబడి నవ్వాను. హాస్టల్లో నా పక్కన కూర్చున్న స్నేహితురాలూ నవ్వింది. ఆ ల్యాప్‌టాప్ ఆమెదే. ఇన్నేళ్ల తర్వాత ఈ వ్యాసం కోసం మొత్తం 62 ఎపిసోడ్లూ మళ్లీ చూస్తుంటే సరిగ్గా అక్కడే ఆగిపోయాను. కాసేపటికి ఆ గదిలోకి ఒక మనిషి వస్తుంది. దుప్పట్లు మారుస్తుంది, బాత్రూము కడుగుతుంది. బల్ల మీద ఏమీ ఉండదు. ఆ దృశ్యం సీరియల్లో లేదు. లేని దృశ్యం గురించి విమర్శ రాయవచ్చునా అంటే, స్త్రీవాద విమర్శ మొదటినుంచీ చేస్తున్న పని అదేనని నేననుకుంటాను.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. ‘గర్ల్స్’ అమెరికాలో హెచ్‌బీవో చానల్లో 2012 ఏప్రిల్ నుంచి 2017 ఏప్రిల్ దాకా ఆరు సీజన్లుగా వచ్చింది. మనం రోజూ సాయంత్రం చూసే సీరియళ్ల బాపతు కాదు. ఏడాదికి పది, పన్నెండు ఎపిసోడ్లు, ఒక్కోటీ అరగంట. సృష్టికర్త లీనా డనమ్. హానా పాత్ర కూడా ఆమెదే. మొదలయ్యేనాటికి ఆమెకు పాతికేళ్లు. బ్రూక్లిన్‌లో ఉండే నలుగురు స్నేహితురాళ్ల కథ ఇది. రచయిత్రి కావాలనుకునే హానా, అన్నీ పద్ధతిగా ఉండాలనుకుని ఏదీ నిలుపుకోలేని మార్నీ, దేశాలు తిరిగొచ్చి ఎక్కడా కుదురుకోని జెస్సా, గబగబా మాట్లాడే చిన్నపిల్ల షోషానా. చదువు అయిపోయింది. పెళ్లి ఊసు లేదు. ఉద్యోగాలు ఉన్నట్టే ఉండి లేవు. ఈ మధ్యకాలమే కథ.

ఈ మధ్యకాలానికి తెలుగులో పేరు లేదు గానీ ఒక మాట ఉంది. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని చుట్టాలు అడుగుతారు. ‘చదువు అయిపోయిందండీ, ఖాళీగానే ఉంది’ అంటుంది అమ్మ. ఖాళీగా ఉండడమంటే సంబంధాలు చూస్తున్నారని అర్థం. ఆ ఖాళీలో అమ్మాయి టైపు నేర్చుకుంటుంది, కంప్యూటర్ కోర్సు చేస్తుంది, బీయెడ్ చేస్తుంది, తమ్ముడికి టిఫిన్ కడుతుంది. ఖాళీగా మాత్రం ఉండదు. మగపిల్లవాణ్ణీ ఖాళీగా ఉన్నాడనే అంటారు. అతనికి అది ఉద్యోగం లేకపోవడం, ఆమెకు మొగుడు లేకపోవడం. నేను పీహెచ్‌డీలో చేరాక కూడా మా అమ్మ నా గురించి ఈ మాటే చెప్పేది. ఆవిడ తప్పు లేదు, ఆ వాక్యం ఆవిడకు తన తల్లి నుంచి వచ్చింది.

అందుకే మొదటిసారి చూసినప్పుడు హానా మీద నాకు కలిగింది సానుభూతి కాదు, కుళ్లు. మొదటి ఎపిసోడ్లో ఆమె తల్లిదండ్రుల్ని అడిగింది నెలకు 1,100 డాలర్లు, రెండేళ్లపాటు. పుస్తకం రాసుకోవడానికి. అప్పటి మారకంలో 60 వేల రూపాయలకు అటూ ఇటూ. నాకు నెలకు 8 వేల ఫెలోషిప్. అది కూడా నాలుగైదు నెలలకోసారి కలిపి వచ్చేది. ఆమె వయసూ నా వయసూ ఒకటే, ఇరవై నాలుగు. నీ పుస్తకానికి మీ అమ్మ ఎందుకు డబ్బు కట్టాలమ్మా అని తెరమీది మనిషిని నిజంగానే అడిగాను. రెండోసారి చూసినప్పుడు తెలిసింది, సరిగ్గా ఆ ప్రశ్నే వాళ్లమ్మ లోరీన్ కూడా అడుగుతుందని. లోరీన్ కాలేజీ ప్రొఫెసర్. జన్మంతా పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది అలిసిపోయింది. తనకు ఒక సరస్సు పక్కన ఇల్లు కావాలని, అక్కడ ఊరికే కూర్చోవాలని ఉందని భర్త మీద అరుస్తుంది. ఇరవై నాలుగేళ్లప్పుడు ఆ దృశ్యం నాకు గుర్తుకూడా లేదు. ఇప్పుడు మొదటి ఎపిసోడ్ అంతటిలో నాకు దగ్గరైన మనిషి ఆవిడే. ఖాళీగా ఉండాలన్న కోరికను ఆ సీరియల్లో సిగ్గులేకుండా పైకి చెప్పిన మొదటి మనిషి కూతురు కాదు, తల్లి.

డనమ్ చేసిన పెద్ద పని శరీరానికి సంబంధించినది. దీన్ని తక్కువ చెయ్యకూడదు. హానా ఒళ్లు తెరమీద స్త్రీ శరీరానికి ఉన్న కొలతలకు ఒదిగేది కాదు. పొట్ట ఉంటుంది. తొడలు రాసుకుంటాయి. ఆ ఒంటిని డనమ్ పదే పదే, కారణం ఉన్నా లేకపోయినా, బట్టల్లేకుండా చూపించింది. స్నానం చేస్తూ కేకు తింటుంది. శృంగార దృశ్యాల్లో సంగీతం లేదు, దీపాల మసక లేదు. ఇబ్బంది ఉంది. చెప్పలేక ఊరుకోవడం ఉంది. ఆడం చెప్పినట్టల్లా ఆడుతూ, తనకిది ఇష్టమో కాదో తనకే తెలియని స్థితిలో హానా ముఖం ఉంటుంది. కోరిక అనేది అమ్మాయిలకు పుట్టుకతో తెలిసిన భాష కాదనీ, తప్పులతో నేర్చుకునేదనీ అంత ఓపిగ్గా చూపించిన మరో టీవీ సీరియల్‌ను నేను అంతకుముందు చూడలేదు. అదే చానల్లో 1998 నుంచి 2004 దాకా వచ్చిన ‘సెక్స్ అండ్ ది సిటీ’లో ఆడవాళ్లు శృంగారం గురించి బాగా మాట్లాడతారు. ఇక్కడి అమ్మాయిలకు మాట్లాడటం కూడా సరిగా రాదు. షోషానా గదిలో ఆ పాత సీరియల్ పోస్టరు అంటించి ఉంటుంది, దేవుడి పటంలాగా.

రెండో సీజన్లో ఒక ఎపిసోడ్ మీద అప్పట్లో పెద్ద రగడ అయింది. హానా ఒక ధనిక డాక్టరు ఇంట్లో రెండు రోజులు గడుపుతుంది. అతను అందగాడు. ఇద్దరూ పింగ్‌పాంగ్ ఆడతారు, ఆమె ఒంటి మీద చొక్కా లేకుండా. ‘అలాంటి మగాడు అలాంటి ఆడదాన్ని కోరుకుంటాడా, నమ్మేలా లేదు’ అన్నారు విమర్శకులు కొందరు. వాళ్లు ఏ భాషలో మాట్లాడుతున్నారో మనకు బాగా తెలుసు. శరీరం గురించి రాసిన తెలుగు కవయిత్రుల్ని ‘నీలి కవిత్వం’ అని దూషించిన చరిత్ర మనది. ఆ దూషణల మధ్యే 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చింది. అక్కడా ఇక్కడా అభ్యంతరం నగ్నత్వం మీద కాదు. చూసేవాడి అనుమతి లేకుండా ఆ ఒళ్లు కనపడటం మీద. మగవాడి కంటికి విందు చెయ్యడానికైతే ఎంత బట్టలిప్పినా అది కళే. హానా పింగ్‌పాంగ్ బంతిని ఎగిరి కొడుతున్నప్పుడు ఆమె రొమ్ములు ఎలా ఊగుతున్నాయో ఆమెకు పట్టదు. పట్టకపోవడమే అక్కడ నేరం. హాస్టల్లో చూస్తున్నప్పుడు నేను కూడా ‘ఛీ, కప్పుకోవచ్చు కదా’ అన్నాను. స్నేహితురాలు నాకేసి చూసి, ‘నువ్వు స్త్రీవాద కవిత్వం మీదేనా రీసెర్చి చేస్తున్నది?’ అంది. సమాధానం చెప్పలేకపోయాను.

ఇంతవరకూ ఒక ఎత్తు.

సీరియల్ మొదలైన 2012 ఏప్రిల్ నెలలోనే ఒక ప్రశ్న వచ్చింది. బ్రూక్లిన్‌లాంటి చోట, నల్లవాళ్లూ లాటిన్ అమెరికా వాళ్లూ ఆసియా వాళ్లూ ఇంతమంది ఉన్న చోట, నలుగురు స్నేహితురాళ్లూ తెల్లవాళ్లే ఎలా అయ్యారు? శీర్షికలో ‘అమ్మాయిలు’ అని బహువచనం పెట్టి, అందరి తరఫునా మాట్లాడుతున్నట్టు కూర్చుని, ఎవరిని లెక్కపెట్టారు? పైగా ఆ నలుగురు నటీమణులూ పేరున్న ఇళ్ల పిల్లలు. ఒకరి తండ్రి టీవీలో వార్తలు చదివిన బ్రయాన్ విలియమ్స్, ఒకరి తండ్రి నాటక రచయిత డేవిడ్ మామెట్, ఒకరి తండ్రి ఇంగ్లండులో పేరుమోసిన డ్రమ్ము వాద్యకారుడు సైమన్ కర్క్. డనమ్ తల్లిదండ్రులిద్దరూ న్యూయార్క్ కళాకారులు.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. ‘స్త్రీలు’ అని మీరంటున్నప్పుడు మేం ఉన్నామా అని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు తెలుగు స్త్రీవాదాన్ని నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ ఆ నిలదీతకు పుస్తకరూపం. ఆ తర్వాత మనలో కొందరు నేర్చుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు, కొందరు తమ సంకలనంలో ఒక దళిత కవయిత్రిని చేర్చి ఊపిరి పీల్చుకున్నారు. డనమ్ చేసింది మూడో పని. రెండో సీజన్ మొదట్లో హానాకు శాండీ అనే నల్లజాతి ప్రియుణ్ణి తెచ్చింది. డొనాల్డ్ గ్లోవర్ వేశాడు. రెండు ఎపిసోడ్లలో వచ్చి, హానాతో జాతి గురించి పోట్లాడి వెళ్లిపోతాడు. ఆ పోట్లాట నిజానికి బాగుంటుంది. నీలాంటి తెల్ల అమ్మాయిలు నాలాంటివాళ్లతో కొన్నాళ్లు తిరిగి వెళ్లిపోవడం నాకు అలవాటేనన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. కానీ అది విమర్శకులకు ఇచ్చిన జవాబుగానే ఉంటుంది తప్ప, అతనికొక ఇల్లు, పని, తల్లి ఉన్నట్టు మనకు అనిపించదు.

నా అభ్యంతరం దీనికన్నా కొంచెం వేరు. ‘గర్ల్స్’లో తెల్లవాళ్లు కాని స్త్రీలు లేరనడం సరికాదు. ఉన్నారు. వాళ్లు పనిలో ఉన్నారు.

మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ చూడండి. హానా ఒక లా ఆఫీసులో చేరుతుంది. యజమాని చేతులు ఊరుకోవు, అందర్నీ తడుముతుంటాడు. అక్కడ పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు, తెల్లవాళ్లు కారు, హానాకు బాత్రూములో కనుబొమలు దిద్దుతారు. అతను అంతే, అలవాటైపోతుంది, మంచివాడే, బహుమతులిస్తాడు అన్నట్టు చెబుతారు. హానా నిర్ఘాంతపోతుంది. మనం హానాతోపాటు నిర్ఘాంతపోవాలని సీరియల్ అనుకుంటుంది. ఆ ఇద్దరూ హాస్యానికి పనికొచ్చిన మనుషులు. వాళ్ల రాజీ మొద్దుబారినతనంలాగా కనిపిస్తుంది. కానీ నెల తిరిగితే అద్దె కట్టాల్సిన మనిషి లెక్క వేరే ఉంటుంది కదా? తర్వాతి ఎపిసోడ్లో హానా ఆ యజమానినే రెచ్చగొట్టి, అతను నవ్వి కాదంటే, కేసు పెడతానని బెదిరించి, ఉద్యోగం వదిలేసి వస్తుంది. ఆమెకు అది ఒక అనుభవం, రాసుకోవడానికి పనికొస్తుంది. కనుబొమలు దిద్దిన ఇద్దరూ మర్నాడు పొద్దున మళ్లీ అదే ఆఫీసుకు వెళతారు. కెమెరా వెళ్లదు.

అదే నాలుగో ఎపిసోడ్లో జెస్సా కథ ఇంకా విడ్డూరం. ఆమె పిల్లల్ని చూసుకునే ఆయాగా చేరింది. పార్కులో మిగతా ఆయాలతో బెంచీ మీద కూర్చుంటుంది. వాళ్లు చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. మీరు సంఘం పెట్టుకోవాలి అని జెస్సా వాళ్లకు ఉపన్యాసం ఇస్తుంది. ఈలోగా తను చూసుకోవాల్సిన పిల్లలు తప్పిపోతారు. నవ్వు జెస్సా మీదే, ఒప్పుకుంటాను. కానీ ఇందులో ఒక విషయం ఉంది. న్యూయార్క్‌లో ఆయాలూ ఇంటిపని వాళ్లూ అప్పటికే సంఘం పెట్టుకున్నారు. డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్ అనే ఆ సంఘం 2000లో మొదలైంది. కరీబియన్, లాటిన్ అమెరికా, ఆఫ్రికా దేశాల స్త్రీలు పార్కుల్లో, సరిగ్గా అలాంటి బెంచీల దగ్గరే, ఒకరినొకరు కలుపుకుంటూ వెళ్లారు. ఏళ్ల తరబడి రాష్ట్ర రాజధాని ఆల్బనీకి బస్సుల్లో వెళ్లి, 2010లో న్యూయార్క్ రాష్ట్రం చేత ఇంటిపనివాళ్ల హక్కుల చట్టం చేయించారు. వారానికి ఒకరోజు సెలవు, ఓవర్‌టైం జీతం, లైంగిక వేధింపుల నుంచి రక్షణ. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. రెండేళ్ల తర్వాత వచ్చిన సీరియల్లో ఒక తెల్ల అమ్మాయి అదే బెంచీ మీద కూర్చుని సంఘం అంటే ఏమిటో వాళ్లకు చెబుతుంది! ఆ ఆయాల్లో ఒక్కరు, ‘అమ్మాయ్, మాకుందిలే, నువ్వు చేరతావా?’ అని అడిగి ఉంటే ఆ హాస్యం పదిరెట్లు పదునెక్కేది. రాసినవాళ్లకు తెలియలేదు. తెలియకపోవడానికి కారణం జాతి ఒక్కటే కాదు. పని. పనిచేసే స్త్రీకి చరిత్ర ఉంటుందన్న ఊహ లేకపోవడం.

వాళ్లు లేకుండా ఈ నలుగురి ఖాళీ సాగదు. గది ఊడ్చేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు, జీతం కోసం చేతుల్ని భరించేవాళ్లు. హానాలాగా తప్పులు చెయ్యగలగడం, తప్పు చేసి మళ్లీ లేచి ఇంకో తప్పు చెయ్యగలగడం ఆడపిల్లకు దక్కాల్సిన స్వేచ్ఛే. దాన్ని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. మన కథల్లో తప్పు చేసిన అమ్మాయికి శిక్ష పడకుండా ముగిసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఆ స్వేచ్ఛకు ఎవరో డబ్బు కడుతున్నారు. మొదటి దృశ్యంలో ఆ సంగతి అంత సూటిగా చెప్పిన సీరియల్, తర్వాత క్రమంగా మరిచిపోయింది. హానా అద్దె ఎలా కడుతోందో మూడో సీజన్ తర్వాత నాకు లెక్క తేలలేదు.

2016 నుంచి 2021 దాకా అదే చానల్లో వచ్చిన ఇస్సా రే సీరియల్ ‘ఇన్‌సెక్యూర్’ ఈ విషయంలో ఎంతో నిజాయితీగా ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి అమ్మాయిల కథ. కథానాయిక అద్దె కోసం కారు నడుపుతుంది, అపార్ట్‌మెంట్ మేనేజరు పని చేస్తుంది. దాని గురించి విడిగా రాయాలి.

ఇక ‘గర్ల్స్’ మొత్తంలో నేను ఎప్పటికీ గుర్తుపెట్టుకునే అరగంట దగ్గరికి వస్తాను. ఆరో సీజన్ మూడో ఎపిసోడ్. 2017 ఫిబ్రవరిలో ప్రసారమైంది. రచన డనమ్‌దే. పేరుమోసిన నవలాకారుడొకడు, కల్పిత పాత్ర, పేరు చక్ పామర్. తన పుస్తకాల ప్రచారానికి కాలేజీలకు వెళ్లినప్పుడు అమ్మాయిలను వాడుకున్నాడని కొందరు రాశారు. వాళ్ల మాటల ఆధారంగా హానా ఒక వ్యాసం రాసింది. అతను ఆమెను తన ఇంటికి పిలిపిస్తాడు. ఇల్లు చూస్తే కళ్లు చెదిరిపోతాయి. గోడలనిండా పుస్తకాలు. హానా గట్టిగా, తెలివిగా వాదిస్తుంది. అధికారంలో ఉన్న రచయిత ఒక కుర్ర రచయిత్రిని గదికి పిలవడమంటే ఏమిటో, చిన్నప్పుడు తనకు పాఠం చెప్పిన మాస్టారు మెడ మీద చేతులు వేసి నొక్కడం ఏమిటో చెబుతుంది. అతను వింటాడు. ఆ వినడంలోనే ఉంది కిటుకు. నువ్వు నిజంగా బాగా రాస్తావు, అంటాడు. నీ గురించి చెప్పు, అంటాడు. ఫిలిప్ రాత్ సంతకం చేసిన నవల ఒకటి అల్మారాలోంచి తీసి ఆమెకిచ్చేస్తాడు. క్షమాపణ కూడా అడుగుతాడు. హానా ముఖం మెల్లగా మెత్తబడుతుంది. పడుకుంటాను, పక్కన ఊరికే పడుకో, బట్టలతోనే, అంటాడు. ఆమె పడుకుంటుంది. అప్పుడతను ప్యాంటు విప్పి ఒంటిని ఆమె మీద ఆనిస్తాడు. ఒక్క క్షణం ఆమె చెయ్యి అక్కడికి వెళుతుంది. తర్వాత అరిచి లేస్తుంది. అతను నవ్వుతుంటాడు. అంతలో అతని కూతురు ఇంటికొచ్చి ఫ్లూట్ వాయిస్తుంది. హానా కూర్చుని వినాల్సి వస్తుంది, తండ్రి పక్కనే. ఆమె బయటికి నడుస్తుంటే, వీధిలో ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లు ఆ ఇంటి గుమ్మంలోకి వెళుతూ ఉంటారు.

ఆ చెయ్యి వెళ్లిన క్షణం గురించి నా సెమినార్లో విద్యార్థినులు ఒకసారి గంటన్నర వాదించుకున్నారు. ఎందుకు తాకింది? ఇష్టమా? భయమా? నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడితే నా సంగతి చెప్పాల్సి వస్తుందని. ఇక్కడ చెబుతాను.

పీహెచ్‌డీ రెండో ఏడు ఒక సాహిత్య సభలో పేపరు చదివాను. సభ అయ్యాక ఒక పెద్ద రచయిత వచ్చి, ఇంత లోతైన విమర్శ ఈ మధ్య వినలేదమ్మా అన్నారు. పాత పత్రికల సంచికలు తన దగ్గరున్నాయని, ఇంటికొచ్చి చూసుకోమని అన్నారు. వెళ్లాను. పత్రికలు నిజంగానే ఉన్నాయి. నా పేపరును ఆయన వాక్యం వాక్యం గుర్తుపెట్టుకున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా వీపు మీద చెయ్యి వేశారు, తియ్యలేదు. నేను లేవలేదు. భయపడి కాదు. ఆయన ఇంకా నా పేపరు గురించే చెబుతున్నారు, నాకింకా వినాలని ఉంది. అరగంట అలాగే కూర్చున్నాను. వచ్చేటప్పుడు తన పుస్తకం సంతకం చేసి ఇచ్చారు. నా సిద్ధాంత గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీలో ఆయన పేరుంది, నాలుగో వరుసలో. పెట్టింది నేనే. ఆ పేజీ రాసేటప్పుడు ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ ఎపిసోడ్ నాకు చెప్పినదేమిటంటే, మనలాంటివాళ్ల దగ్గరికి ఆధిపత్యం బెదిరింపు రూపంలో రానక్కరలేదు. ‘నువ్వు బాగా రాస్తావు’ అన్న ఒక్క మాట చాలు. అన్ని పుస్తకాలు చదివి, పితృస్వామ్యం గురించి పేపర్లు రాసిన మనిషి ఆ మాటకు అరగంట కూర్చుంటుంది. చదువు రక్షణ కాదు. బహుశా చదువే ఆ ఆకలిని పెంచుతుంది. లా ఆఫీసులో కనుబొమలు దిద్దిన ఇద్దరు ఆడవాళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చారు. ‘బహుమతులిస్తాడు’ అన్నారే, వాళ్లను చూసి నవ్విన హానా కూడా చేతిలో ఒక సంతకం పుస్తకంతోనే కూర్చుంది. అయిదేళ్ల ఎడం ఉన్న ఆ రెండు దృశ్యాల్ని సీరియల్ ఎక్కడా కలపదు.

ఇది ప్రసారమైన ఎనిమిది నెలలకు, 2017 అక్టోబరులో, హార్వీ వైన్‌స్టీన్ వార్తలు బయటికి వచ్చాయి. ఆ తర్వాతి నెలలో అరోరా పెరీనో అనే నల్లజాతి నటి, ‘గర్ల్స్’ రచయితల బృందంలోని ఒకతని మీద ఫిర్యాదు చేసింది. 2012లో, తనకు పదిహేడేళ్లప్పుడు, తన మీద అత్యాచారం జరిగిందని ఆమె ఆరోపణ. అతను ఖండించాడు. తర్వాత అధికారులు అభియోగాలు మోపలేదు. నేను తీర్పు చెప్పే స్థానంలో లేను. నా ప్రశ్న డనమ్ గురించి. ఆమె, సహనిర్మాత జెన్నీ కానర్ కలిసి వెంటనే ఒక ప్రకటన ఇచ్చారు. మాకు లోపలి సంగతులు తెలుసు, తప్పుడు ఫిర్యాదులు ఏటా కొద్దిశాతం ఉంటాయి, ఇది అందులో ఒకటి అని. మర్నాడే డనమ్ క్షమాపణ చెప్పింది. 2018 డిసెంబరులో మరింత వివరంగా రాస్తూ, ఆ లోపలి సంగతులేవీ తనకు తెలియవని ఒప్పుకుంది. డనమ్ నడిపిన పత్రికకు ఇక రాయనని నల్లజాతి రచయిత్రి జింజీ క్లెమ్మన్స్ ప్రకటించింది.

అప్పుడు నా స్నేహితురాళ్లు కొందరు ఆ ఎపిసోడును కూడా చెత్తబుట్టలో వెయ్యాలన్నారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. రచన రచయిత కంటే ఎక్కువ తెలుసుకోగలదు. సాహిత్యం చదివేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. చక్ పామర్ గదిలో జరిగేదాన్ని అంత కచ్చితంగా రాసిన మనిషికి, తన పక్కసీట్లో కూర్చుని హాస్యం రాసే స్నేహితుడి విషయంలో ఆ కచ్చితత్వం అక్కరకు రాలేదు. పాత్రల్ని నమ్మడం తేలిక. వాళ్లు మన దగ్గర ఉద్యోగం చెయ్యరు. అయితే నన్ను ఇంకా కలవరపెట్టేది మరొకటి. నమ్మాల్సి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నది ఒక నల్లజాతి అమ్మాయి. శాండీలాగా, పార్కులో ఆయాల్లాగా, సీరియల్ అంచుల్లో ఉంచిన మనుషుల వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. 2012లో ‘మేమెక్కడ?’ అని అడిగినప్పుడు దాన్ని పాత్రల ఎంపిక సమస్య అనుకున్నారు. అది వినికిడి సమస్య.

మిగతా సీజన్ల గురించి పెద్దగా చెప్పను. మార్నీ పెళ్లి, పాటలు నాకు విసుగు పుట్టించాయి. నాలుగో సీజన్లో మిమీ రోజ్ అనే చిన్న పాత్ర, ‘నిన్న అబార్షన్ చేయించుకున్నాను, అందుకే ఇవాళ పరుగుకు రాలేను’ అన్నట్టు మామూలుగా చెప్పే దృశ్యం మాత్రం మళ్లీ చూడాల్సింది. ఏడుపు లేదు, సంజాయిషీ లేదు. 2015లో అది ధైర్యం. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ హక్కుకు రాజ్యాంగ రక్షణ తీసేశాక చూస్తుంటే, పోయిన బంధువు ఫొటో చూసినట్టు ఉంది.

చివరి ఎపిసోడ్లో హానా తల్లి. నగరానికి దూరంగా ఒక ఇల్లు, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. బిడ్డ పాలు పట్టడం లేదు. కోపంతో ఇంట్లోంచి వెళ్లిపోయిన హానాకు రోడ్డు మీద ప్యాంటు లేకుండా ఏడుస్తూ పరిగెత్తే పిల్ల కనిపిస్తుంది. ఏదో ఘోరం జరిగిందనుకుని తన జీన్సు, బూట్లు విప్పి ఇచ్చేస్తుంది. తీరా ఆ పిల్ల అమ్మ మీద అలిగి వచ్చిందని తెలిసి మండిపడి తిడుతుంది, అచ్చం లోరీన్ గొంతుతో. తర్వాత చీకట్లో, నడుం కింద బట్టల్లేకుండా, ఇంటికి నడుస్తుంది. పోలీసు కారు ఆమె వెనక మెల్లగా వస్తుంది, క్షేమంగా ఇంటికి చేర్చడానికి. ఆ రోడ్డు మీద అలా నడవగలిగిన ఒళ్లు ఎవరిదో ఆలోచిస్తూ ఆ దృశ్యాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఇంటి వరండాలో ఇద్దరు ఎదురుచూస్తుంటారు. మార్నీ, లోరీన్. సరస్సు పక్కన ఇల్లు కావాలన్న లోరీన్. ఊరికే కూర్చోవాలన్న లోరీన్. మనవడి ఏడుపు పైగదిలోంచి వినిపిస్తుంటే, కూతురి కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది.